బడిలో చేర్చే ముందు పిల్లల టీకా కార్డు సరిచూసుకోవడం ఎలా

జూన్‌లో బడులు తెరిచాక మా విజయనగరం జిల్లా పల్లెల్లో ఏ బడి గుమ్మం దగ్గర చూసినా చేర్పుల సందడే. ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కవరు పట్టుకుని తల్లులు వస్తారు. ఆ కవర్లో ఆధార్ జెరాక్సులు, పుట్టిన తేదీ పత్రం, బ్యాంకు పుస్తకం ఉంటాయి. పిల్లల్ని చదివించే తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడాలంటే ఇవన్నీ కావాలని అందరికీ తెలుసు. టీకా కార్డు తెచ్చేవాళ్లు మాత్రం తక్కువ. అడిగితే "అదెందుకు టీచరమ్మా, సిన్నప్పుడే అన్నీ ఏయించేసినాం కదా" అంటారు.

చిన్నప్పుడే అన్నీ అయిపోవు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టిక పుట్టిన రోజున మొదలై పదహారేళ్ల దాకా సాగుతుంది. రెండేళ్లు నిండేలోపు చాలావరకు పూర్తయినా, బడి వయసులో పిల్లలందరికీ ఇంకా మూడు మిగిలి ఉంటాయి: 5–6 ఏళ్ల మధ్య డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) రెండో బూస్టర్, అంటే బలం తగ్గకుండా మళ్లీ వేసే డోసు, పదేళ్లకు టీడీ (కంఠసర్పి, ధనుర్వాతం టీకా), పదహారేళ్లకు మళ్లీ టీడీ. ఎక్కువగా తప్పిపోయేవి కూడా ఈ మూడే. పసిబిడ్డ ఉన్న ఇంటికి ఆశా కార్యకర్త నాలుగుసార్లు వచ్చి గుర్తుచేస్తుంది. పుస్తకాల సంచి తగిలించుకుని బడికి పోయే పిల్లాడికి టీకా బాకీ ఉందన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాదు. అందుకే చేర్పుల కాలాన్ని కార్డు తీసి చూసుకునే కాలంగా పెట్టుకోమంటున్నాను. ఎలా చూసుకోవాలో, ఖాళీలుంటే ఏం చేయాలో వరసగా చెబుతాను.

కార్డు లేదని బడి మాన్పించకండి

టీకాలు వేయించకపోతే బడిలో చేర్చుకోరని కొందరు భయపడతారు. పిల్లల్ని బడిలో చేర్చడానికి టీకాలు తప్పనిసరి అని దేశమంతటికీ వర్తించే చట్టం మనకు లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు పత్రం లేదన్న కారణంతో కూడా చేర్చుకోకుండా పంపేయకూడదు. కాబట్టి ఏ కాగితం తక్కువైనా ముందు పిల్లాణ్ణి బడికి తీసుకురండి, కాగితాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ప్రైవేటు బడుల్లో చేర్పు ఫారంతో పాటు టీకా కార్డు నకలు అడగడం మామూలే. వాళ్లు అడిగారని కంగారు పడక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. ఒకటి రెండు టీకాలు మిగిలి ఉంటే ఫలానా రోజు వేయిస్తామని చెప్పి, ఆ రోజున వేయించండి. లేని తేదీలు ఇంట్లో కూర్చుని పెన్నుతో నింపే పని మాత్రం చేయకండి. రేపు పిల్లాడికి ఇనుప చువ్వ గుచ్చుకుని ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు ఆ కార్డు చూసే ధనుర్వాతం సూది కావాలో వద్దో తేలుస్తాడు.

చట్టం అడగనప్పుడు మనకెందుకంటారేమో. ఒక గదిలో ముప్పై, నలభై మంది పిల్లలు రోజంతా పక్కపక్కన కూర్చుంటారు, ఒకే కుళాయి దగ్గర నీళ్లు తాగుతారు, పక్కవాడి కంచంలో గుడ్డు పంచుకుంటారు. కంఠసర్పి, కోరింత దగ్గు, తట్టు దగ్గుతోనూ తుమ్ముతోనూ అంటుకునే జబ్బులు. తట్టు వచ్చిన పిల్లాడు గది విడిచి వెళ్లాక కూడా ఆ గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉండగలదు. కంఠసర్పి పోయిందని అనుకుంటాం గానీ మన దేశంలో ఇప్పటికీ నమోదవుతూనే ఉంది. పసితనంలో వేసిన డీపీటీ బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. బడి వయసులో బూస్టర్లు పెట్టింది అందుకే.

కార్డు వెతకడం, దొరక్కపోతే చేయాల్సింది

మనం టీకా కార్డు అనేది నిజానికి తల్లీబిడ్డల రక్షణ కార్డు. ఎంసీపీ కార్డు అని కూడా అంటారు. మీరు కడుపుతో ఉన్నప్పుడు పేరు నమోదు చేసి ఏఎన్ఎం, అంటే టీకాలు వేసే నర్సమ్మ, ఇచ్చింది అదే. కాన్పు పుట్టింట్లో జరిగి ఉంటే కార్డు అక్కడే ఉండిపోయే అవకాశం ఎక్కువ, కాబట్టి అమ్మమ్మగారింట్లో పెట్టెలు, గూళ్లు ఒకసారి వెతికించండి.

"కార్డు ఎక్కడో పోనాది" అని వదిలేయకండి. పిల్లాడికి టీకాలు వేసిన ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం దగ్గర రిజిస్టరు ఉంటుంది. పిల్లాడి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, అప్పట్లో మీరిచ్చిన ఫోను నంబరు చెబితే వెతికి తేదీలతో కొత్త కార్డు రాసిస్తారు. ఆ నంబరు ఇప్పుడు వాడకంలో లేకపోయినా గుర్తుచేసుకుని చెప్పండి, వెతకడం తేలికవుతుంది. చిన్నప్పుడు పిల్లాడికి పేరు పెట్టకముందు రిజిస్టరులో ఫలానా ఆమె బిడ్డ అని రాసి ఉంటుంది గనక తల్లి పేరు తప్పకుండా చెప్పాలి. ప్రైవేటు ఆసుపత్రిలో వేయించి ఉంటే వాళ్లిచ్చిన పుస్తకమో, వాళ్ల దగ్గరున్న రికార్డో అడగండి.

గత రెండు మూడేళ్లలో పుట్టిన పిల్లలైతే వివరాలు యూ-విన్‌లోనూ ఉండే అవకాశముంది. టీకాల నమోదు కోసం కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే వ్యవస్థ ఇది. 2023 జనవరిలో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలై తర్వాత దేశమంతా విస్తరించింది. కోవిడ్ టీకాలప్పటి కోవిన్ లాంటిదే. నమోదు చేసినప్పుడు ఇచ్చిన ఫోను నంబరుతో, దానికొచ్చే ఓటీపీతో లోపలికి వెళ్తే పిల్లాడి పేరు కింద వేసిన టీకాలు కనిపిస్తాయి, సర్టిఫికెట్టు దించుకోవచ్చు. అక్కడ పేరు కనిపించనంత మాత్రాన టీకాలు పడలేదని కాదు. ఎక్కించి ఉండకపోవచ్చు, వేరే నంబరుతో ఎక్కించి ఉండొచ్చు. ఏఎన్ఎంని అడిగితే తెలుస్తుంది.

కార్డు దొరికిన వెంటనే రెండు వైపులా ఫోటో తీసి భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. వానాకాలంలో తడిసి అక్షరాలు చెరిగిపోయిన కార్డులు నేను చాలా చూశాను.

కార్డు చదవడం

కార్డు చేతికొచ్చాక చాలామంది ముద్రలు, సంతకాలు చూసి అన్నీ అయినట్టే అనుకుంటారు. గడి గడికీ వేలు పెట్టి చదవండి. ప్రతి గడిలోనూ తేదీ ఉండాలి. తేదీ లేని టిక్కు మార్కును టీకా వేసినట్టు లెక్కపెట్టకండి, దాని గురించి ఏఎన్ఎంని అడగండి.

పుట్టినప్పటి వరసలో మూడుంటాయి: క్షయ రాకుండా వేసే బీసీజీ, 24 గంటల్లోపు వేసే హెపటైటిస్-బి, సున్నా డోసు పోలియో చుక్కలు. బీసీజీ ఎడమ భుజం మీద వేస్తారు. చాలామందికి అక్కడ చిన్న మచ్చ మిగిలిపోతుంది. మచ్చ పడలేదని మళ్లీ వేయించనక్కర్లేదు.

తర్వాత ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలల వరసలు. కార్డులో 6, 10, 14 వారాలని రాసి ఉంటుంది. మూడింటిలోనూ పెంటావాలెంట్, పోలియో చుక్కలు, విరేచనాల జబ్బు రాకుండా వేసే రోటా చుక్కలు ఉంటాయి. పోలియో సూది, న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ మాత్రం 6, 14 వారాల్లోనే. అందుకే 10 వారాల దగ్గర ఆ రెండూ కనపడవు, తప్పిపోయాయేమో అని కంగారు పడొద్దు. పెంటావాలెంట్ ఒకే సూదిలో అయిదు జబ్బులను ఆపుతుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, అయిదోది హిబ్ అనే సూక్ష్మజీవి తెచ్చే జబ్బు (న్యుమోనియా, మెదడు పొరల జబ్బు).

తొమ్మిది నెలలు నిండి ఏడాది పూర్తయ్యేలోపు ఎంఆర్ మొదటి డోసు, అంటే తట్టు, రుబెల్లా టీకా. దానితో పాటు పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడో డోసు, విటమిన్-ఏ ద్రావణం. తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ రెండో డోసు, డీపీటీ మొదటి బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్. పసివయసులో ఎక్కువగా జారిపోయేది ఈ వరసే. అప్పటికి పిల్లాడు పరుగెడుతుంటాడు, తల్లి మళ్లీ పొలం పనికో ఉపాధి పనికో వెళ్తుంటుంది. మీ కార్డులో మొదట చూడాల్సింది కూడా ఈ 16–24 నెలల వరసే. ఎంఆర్ రెండో డోసు గడి ఖాళీగా ఉంటే దాని మీద పెన్సిల్‌తో సున్నా చుట్టండి.

ఆ కింద 5–6 ఏళ్ల డీపీటీ బూస్టర్. మీ పిల్లాడు ఒకటో తరగతిలో చేరే వయసుకు సరిగ్గా వచ్చే టీకా ఇది.

మెదడువాపు టీకాను ఆ జబ్బు ఉన్న జిల్లాల్లోనే వేస్తారు. కార్డులో ఆ గడి ఖాళీగా ఉంటే, మన దగ్గర వేస్తున్నారో లేదో ఏఎన్ఎంని అడిగి తెలుసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పెద్దపిల్లాడి కార్డు, చిన్నదాని కార్డు పక్కపక్కన పెట్టి చూస్తే గడులు ఒకేలా ఉండవు. పెద్దవాడికి ఏదో తక్కువ వేశారని తల్లులు బాధపడతారు. టీకాల పట్టికే మధ్యలో మారింది. రోటా చుక్కలు 2016లో దేశంలో మొదట నాలుగు రాష్ట్రాల్లో మొదలయ్యాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతకుముందు పుట్టినవాళ్ల కార్డులో అవి ఉండవు. ఎంఆర్ బదులు పాత కార్డుల్లో ఒట్టి మీజిల్స్, అంటే తట్టు అని ఉంటుంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఎంఆర్ టీకా వేసే కార్యక్రమం జరిగింది. బడుల్లోనే వేశారు, వేలి మీద గుర్తు పెట్టారు. ఆ డోసు చాలామంది కార్డులో ఎక్కలేదు, విడిగా చిన్న కాగితం ఇచ్చారు. అది ఉంటే కార్డుకు జత చేసి పెట్టండి. పోలియో సూది మూడో డోసు 2023 జనవరి నుంచి వచ్చింది. పదేళ్లకు, పదహారేళ్లకు పాత కార్డుల్లో టీటీ (ఒట్టి ధనుర్వాతం టీకా) అని ఉంటుంది, ఇప్పుడు దాని స్థానంలో టీడీ వేస్తున్నారు.

ప్రైవేటులో వేయించినవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ ఆరు జబ్బులకు కలిపి ఒకే సూది వేస్తుంటారు. దాని పేరు హెక్సాక్సిమ్ అనో ఈజీసిక్స్ అనో స్టిక్కరు అంటిస్తారు. ప్రభుత్వ కార్డులో పెంటా గడి ఖాళీగా కనిపిస్తుంది గానీ టీకా పడినట్టే. ఆ పుస్తకం కూడా వెంట తీసుకెళ్లి ఏఎన్ఎంకి చూపించండి. ఆమె సరిపోల్చి రాస్తుంది. గవదబిళ్లలు, ఆటలమ్మ, టైఫాయిడ్, హెపటైటిస్-ఏ టీకాలు ప్రైవేటు పుస్తకాల్లో ఉంటాయి. అవి ప్రభుత్వ ఉచిత పట్టికలో లేవు. డబ్బు పెట్టుకోగలిగితే పిల్లల డాక్టరుతో మాట్లాడి వేయించుకోవచ్చు. వేయించలేకపోయామని దిగులు పడాల్సిన పనిలేదు.

పల్స్ పోలియో ఆదివారాల్లో వేసిన చుక్కలను ఈ లెక్కలో కలపకండి. అవి అదనం. కార్డులోని పోలియో డోసులు వేరేగా పూర్తి కావాలి.

ఖాళీ గడులు కనిపిస్తే

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. మధ్యలో డోసు తప్పింది కాబట్టి మళ్లీ మొదటి నుంచి వేయించాలని, అంత శ్రమ ఎందుకని మానేస్తారు. మొదటి నుంచి అక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగిస్తారు. రెండు డోసుల మధ్య ఎడం పెరిగినంత మాత్రాన ముందు వేసింది వృథా పోదు.

ఏ టీకా ఏ వయసు దాకా ప్రభుత్వ కేంద్రంలో వేస్తారో తెలిస్తే మీకే లెక్క దొరుకుతుంది. బీసీజీ ఏడాది లోపే. రోటా, పీసీవీ, పెంటా మొదటి డోసు ఏడాది నిండకముందు మొదలవ్వాలి. ఏడాది లోపు ఒక డోసైనా పడి ఉంటే మిగతావి తర్వాత కూడా పూర్తి చేస్తారు. పోలియో చుక్కలు, ఎంఆర్ అయిదేళ్ల దాకా. డీపీటీ ఏడేళ్ల దాకా. ఏడు దాటాక డీపీటీ వేయరు, టీడీయే. టీడీలో కంఠసర్పికి, ధనుర్వాతానికి రక్షణ ఉంటుంది గానీ కోరింత దగ్గుకు ఉండదు. అందుకని ఆరేళ్ల పిల్లాడికి బూస్టర్ బాకీ ఉంటే వచ్చే ఏడాది చూద్దామని వాయిదా వేయకండి.

నాలుగున్నరేళ్ల పాపకు ఎంఆర్ ఒక్క డోసే పడిందనుకుందాం. అయిదేళ్లు నిండేలోపు రెండోది వేయించాలి, అంటే మీ చేతిలో ఉన్నది కొన్ని నెలలే. అసలు ఒక్కటీ పడకపోతే నెల ఎడంతో రెండూ వేస్తారు. ఏ టీకా పడని మూడేళ్ల పిల్లాడికైతే డీపీటీ మూడు డోసులు నాలుగేసి వారాల ఎడంతో వేసి, మూడోది పడిన ఆరు నెలలకు బూస్టర్ వేస్తారు. ఒకే రోజు రెండు మూడు టీకాలు వేసినా పిల్లాడు తట్టుకుంటాడు. వేర్వేరు చోట్ల వేస్తారు, ఒకదాని పని ఇంకోటి చెడగొట్టదు. అన్నీ ఒకేసారి వద్దని వాయిదాలు వేసుకుంటే తిరుగుళ్లు పెరిగి చివరికి ఏదో ఒకటి మిగిలిపోతుంది.

ఏ వయసుకు ఏది వేయాలో చివరి మాట ఏఎన్ఎందీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరుదీ. పెన్సిల్ గుర్తులు పెట్టిన కార్డుతో వెళ్తే వాళ్లకీ పని తేలిక.

వయసు విషయంలో ఒక మాట. ఒకటో తరగతిలో చేర్చడానికి ఏడాది కలిపి రాయించిన పిల్లలు మన దగ్గర ఇంకా ఉన్నారు. బడి రిజిస్టరు తేదీ ఒకటి, అసలు పుట్టిన తేదీ ఇంకొకటి ఉంటే, టీకా దగ్గర అసలు తేదీయే చెప్పండి.

టీకా రోజున

మన జిల్లాల్లో టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. ఉపకేంద్రంలోనో అంగన్‌వాడీలోనో, మీ ఊరి వంతు ఏ రోజో ఆశా కార్యకర్తకు తెలుసు. పట్నంలో ఉన్నవాళ్లకు పట్టణ ఆరోగ్య కేంద్రాలున్నాయి. శ్రీకాకుళం రిమ్స్, విజయనగరం ఘోషా ఆసుపత్రి లాంటి పెద్ద చోట్లకు ఒక్క బూస్టర్ కోసం వెళ్లి వరసలో నిలబడక్కర్లేదు.

చెప్పిన రోజునే వెళ్లడానికి కారణముంది. ఎంఆర్ టీకా పొడి రూపంలో వస్తుంది, అక్కడికక్కడే ద్రావణం కలిపి నాలుగు గంటల్లోపు వాడేయాలి. ఒక్కో సీసాలో చాలామందికి సరిపడా డోసులుంటాయి. మిగిలినది రేపటికి దాచడానికి వీల్లేదు, పారేయాలి. మధ్యాహ్నం మూడింటికి తాపీగా వెళ్తే "వచ్చే వారం రా అమ్మా" అనిపించుకునేది ఇలాంటప్పుడే. పొద్దున్నే వెళ్లండి. పండగల వారంలో ఇంకా జాగ్రత్త కావాలి. విజయనగరంలో పైడితల్లి సిరిమాను ఉత్సవం మంగళవారం జరుగుతుంది, మర్నాడు బుధవారం టీకా రోజు. చుట్టాలు ఇంటి నిండా ఉన్న ఆ పూట టీకా ఎవరికి గుర్తుంటుంది? కనీసం ఆ శనివారమైనా పట్టుకోండి.

పిల్లాడికి పొద్దున్న తినడానికి ఏదైనా పెట్టి తీసుకెళ్లండి. జలుబు, కొద్దిపాటి జ్వరం, నీళ్ల విరేచనాలు టీకా ఆపడానికి కారణాలు కావు. "మా గుంటడికి కాస్త ఒల్లు ఎచ్చగుంది సిస్టరమ్మా, ఇయ్యాల ఒద్దు" అని వెనక్కి తిరిగేవాళ్లు తొందరపడకుండా పిల్లాణ్ణి ఏఎన్ఎంనే చూడమనండి. ఆగాల్సిన సందర్భాలు వేరు: గట్టి జ్వరంతో మంచం పట్టి ఉన్నా, ఇదివరకు ఇదే టీకా వేసినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోవడం జరిగినా, ఫిట్స్ వచ్చినా, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతున్నా తప్పకుండా ముందే చెప్పాలి. అప్పుడు డాక్టరు చూశాకే వేస్తారు.

వేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి, అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. సిరంజి కొత్త కవరు చింపి తీయాలి. ఇప్పుడు వాడేవి ఒకసారి నొక్కితే మళ్లీ పనికిరాకుండా లాక్ అయిపోయే రకం. టీకా సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, దాని మధ్యలో చదరం ఉంటాయి. చదరం చుట్టూ ఉన్న గుండ్రం కంటే లేతగా ఉంటే ఆ సీసా ఎక్కువ వేడి తగలకుండా బాగున్నట్టు. చదరం కూడా గుండ్రంతో సమానంగా నల్లబడితే ఆ సీసా వాడరు. ఈ సంగతి తెలిసిన తల్లి ఒక్కసారి అడిగి చూసుకుంటే ఆమెకు ఆ టీకా మీద నమ్మకం కుదురుతుంది.

వేశాక ఏఎన్ఎం నాలుగు మాటలు చెప్పాలి. ఏ టీకా వేశారు, అది ఏ జబ్బుకు, తర్వాత ఏం కావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి అని. కార్డు భద్రం అని కూడా చెబుతుంది. రద్దీలో చెప్పడం మరిచిపోతే మీరే అడగండి. కార్డులో తేదీ వేయించుకోకుండా కదలకండి. అరగంట అక్కడే కూర్చోండి. బండి స్టార్టు చేసి వెంటనే ఇంటికి పోవద్దు. చాలా అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ ఎక్కువగా ఆ కాసేపట్లోనే బయటపడుతుంది. అక్కడ ఉంటే మందు చేతిలోనే ఉంటుంది.

ఇంటికొచ్చాక

డీపీటీ వేసిన చోట నొప్పి, వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం సహజం. జ్వరానికి పారాసెటమాల్ చాలు, ఎంత వేయాలో పిల్లాడి బరువు చెప్పి అక్కడే అడిగి రండి. ఆస్పిరిన్ ఇవ్వకండి. సూది చోట తడిగుడ్డ పెట్టొచ్చు. నూనె రాసి మర్దనా చేయడం, పసుపు పూయడం, కాఫీ పొడి అద్దడం వద్దు. ఎంఆర్ వేసినవాళ్లకు వారం పది రోజుల తర్వాత కాస్త జ్వరం, సన్నని దద్దుర్లు రావచ్చు, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. పిల్లాడు మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఇబ్బందైనా, మత్తుగా పడిపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి, ఏఎన్ఎంకీ చెప్పండి.

ఊరు మారే కుటుంబాలకు

మన తీరం ఊళ్ల నుంచి చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయే కుటుంబాలున్నాయి. కట్టడం పనులకు విశాఖ, హైదరాబాద్, చెన్నై వెళ్లేవాళ్లూ ఉన్నారు. టీకా ఏ రాష్ట్రంలోనైనా ఉచితమే, కార్డు ఏ రాష్ట్రానిదైనా చెల్లుతుంది. అక్కడ ఎవరడుగుతారని కార్డు ఇంట్లో వదిలేసి పోకండి. ఉన్న చోట దగ్గరలోని అంగన్‌వాడీకి వెళ్లి కార్డు చూపిస్తే టీకా ఎప్పుడు, ఎక్కడ వేస్తారో చెబుతారు.

ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వియ్యాలు సరిహద్దు దాటి కలుపుకుంటారు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పుట్టింట కాన్పు జరిగితే కార్డు ఒడియాలో ఉంటుంది. భాష తెలియకపోయినా టీకాల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనూ ఉంటాయి, తేదీలు ఎలాగూ అంకెలే. ఇక్కడి ఏఎన్ఎం చదువుకోగలదు. ఆ వివరాలు తెలుగు కార్డులోకి ఎక్కించమని అడగండి, పాతదాన్ని మాత్రం పారేయకండి.

కొడుకో కూతురో అమెరికాలో ఉండి మనవల్ని అక్కడికి తీసుకెళ్తున్న కుటుంబాలకు ఇంకో సంగతి. అక్కడ దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ బడిలో చేరడానికి టీకా రుజువు అడుగుతారు. గవదబిళ్లలు, ఆటలమ్మ టీకాలు కూడా చాలా రాష్ట్రాల్లో అడుగుతారు. అవి మన ఉచిత పట్టికలో లేవు గనక బయలుదేరే ముందే పిల్లల డాక్టరుతో మాట్లాడి వేయించుకోవడం మంచిది. డాక్టరు సంతకంతో ఇంగ్లిషులో తేదీల జాబితా రాయించుకోండి, అందులో నెల పేరును అక్షరాల్లో రాయించండి. అక్కడ నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు. మన 5–6 అంటే జూన్ అయిదు, వాళ్లకది మే ఆరు అవుతుంది.

పదేళ్లకు, పదహారేళ్లకు

పదేళ్ల టీడీ అంటే సుమారుగా అయిదో తరగతి, పదహారేళ్లదంటే పదో తరగతి లేక ఇంటర్. ఈ టీకాలను బడికే వచ్చి వేసే రోజులుంటాయి. ఆ రోజు పిల్లాడు బడికి రాకపోయినా, పేరు తప్పిపోయినా ఎవరూ ఇంటికొచ్చి అడగరు. కాబట్టి పిల్లాణ్ణి సాయంత్రం అడిగి తెలుసుకోండి. పడలేదంటే వచ్చే బుధవారమో శనివారమో ఉపకేంద్రానికి పంపండి. పడిందంటే ఆ తేదీ కార్డులో ఎక్కించుకోండి, బడిలో వేసినప్పుడు కార్డు చేతిలో ఉండదు గనక ఎక్కువగా ఎక్కకుండా పోయేవి ఇవే. ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతుంటారు. ఖాళీ కడుపుతో వద్దు, కూర్చోబెట్టి వేయించాలి, వేశాక కాసేపు లేవనివ్వకూడదు.

పదహారేళ్ల టీడీ మరీ ఎక్కువగా మరుగున పడుతుంది. అప్పటికి పిల్లలు విజయనగరం, విశాఖ హాస్టళ్లలో ఇంటర్ చదువుతుంటారు, పుట్టినరోజు ఎప్పుడొచ్చిందో కూడా గమనించనంత పరీక్షల హడావిడి. పదో తరగతి పరీక్షలు అయ్యాక వేసవి సెలవుల్లో పిల్లలు ఇంటి దగ్గరే ఉంటారు. అప్పటికి పదహారు నిండితే అప్పుడే వేయించేయండి. నిండకపోతే హాస్టల్‌కి పంపేటప్పుడు సర్టిఫికెట్ల ఫైల్లో కార్డు జెరాక్సు కూడా పెట్టండి, దాని మీద టీడీ ఏ నెలలో వేయించాలో రాయండి, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో చేర్చడానికి వెళ్లిన రోజే వార్డెన్‌ని అడిగి పిల్లకు చూపించి రండి.